ఎలక్ట్రిక్ గిటార్ తీగలు: ఎంపిక, మార్పు, జాగ్రత్తలు

ఎలక్ట్రిక్ గిటార్‌లో అన్నిటికంటే ముందు పాడయ్యేవి తీగలు. చెక్క, పికప్, యాంప్ ఏళ్ల తరబడి నిలుస్తాయి. తీగ మాత్రం చెమటకూ గాలికీ కొన్ని వారాల్లోనే మెరుపు పోగొట్టుకుంటుంది. పాతవి విప్పి కొత్తవి ఎక్కించడం చేయి తిరిగినవాళ్లకు అరగంట పని. అయితే గిటార్ శ్రుతిలో నిలుస్తుందా, గంటకోసారి జారిపోతుందా అన్నది చాలావరకు ఆ అరగంటలోనే తేలిపోతుంది. శ్రుతి నిలవట్లేదని గిటార్‌నే తప్పుపట్టి, ఖరీదైన కొత్త శ్రుతి కీలు కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కువసార్లు అసలు లోపం తీగను చుట్టిన తీరులో ఉంటుంది.

ఇచ్చోడ పరిసరాలు, తీగ వాయిద్యాలు

దుకాణం దూరమైన ఊళ్లలో ఈ పని సొంతంగా తెలిసి ఉండాలి. అలాంటి ఊరే ఇచ్చోడ. ఇది ఆదిలాబాద్ జిల్లాలో, 44వ నంబరు జాతీయ రహదారి మీద నిర్మల్‌కూ ఆదిలాబాద్‌కూ నడుమ ఉన్న మండల కేంద్రం. ఆదిలాబాద్ ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్లు, హైదరాబాద్ 250 కిలోమీటర్ల పైమాటే. ఈ ప్రాంతానికి గిటార్ కొత్త కావచ్చు కానీ తీగ కొత్త కాదు. గోండుల వంశగాథలను తరతరాలుగా పాడుతూ వస్తున్న ప్రధానుల చేతి వాయిద్యం కిక్రి. మూడు తీగలుండే దీన్ని కమానుతో వాయిస్తారు. ఒక్కో గోండు వంశానికి తనదైన ప్రధాన్ కుటుంబం ఉండడం, పండుగకూ చావుకూ ఆ కుటుంబమే వచ్చి కథ చెప్పడం ఇక్కడి ఆనవాయితీ. 1940లలో ఈ ప్రాంతపు మర్లవాయిలో నివసించిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1948లో అచ్చయిన తన ‘ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’లో ఈ గోండు, ప్రధాన్ సంబంధాన్ని నమోదు చేశాడు.

కిక్రి వాయించే మనిషి తన తీగను తనే బిగించుకుంటాడు, తనే సరిచేసుకుంటాడు. బొబ్బిలి వీణ వాయించేవారూ, పన్నెండు మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య వంటి కళాకారులూ ఆ కోవలోనివారే. గిటార్ దగ్గరికొచ్చేసరికి ఈ పని దుకాణానికి వదిలేసే అలవాటు పట్టణాల్లో పెరిగింది. ఇచ్చోడలాంటి చోట అది కుదరదు. తీగల సెట్టు ఆదిలాబాద్ నుంచో నిర్మల్ నుంచో తెచ్చుకోవాలి, లేకపోతే కొరియర్‌లో తెప్పించుకోవాలి. ఎక్కించడం మాత్రం సొంతంగా నేర్చుకోవాల్సిందే.

విద్యుత్ తంత్రీ వాయిద్యాల చరిత్రలో తెలుగువారి పేరు వినగానే గుర్తొచ్చేది ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టి, ‘మాండలిన్ శ్రీనివాస్’గా లోకమంతా తెలిసి, 2014లో 45 ఏళ్ల వయసులో కన్నుమూసిన ఆయన సాధించినదానిలో తీగల మార్పుకు పెద్ద పాత్రే ఉంది. మామూలు మాండలిన్‌కు నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగను పక్కకు లాగితే రెండూ ఒకే స్వరంలో కదలవు, గమకం చెదిరిపోతుంది. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంటల స్థానంలో ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. మీటిన నాదం నిలవడానికి పికప్, యాంప్ తోడయ్యాయి. తీగల సంఖ్య, మందం సంగీతాన్ని ఎంతగా మలచగలవో చెప్పడానికి మన దగ్గర దీన్ని మించిన ఉదాహరణ లేదు.

తీగ చేసే పని

గిటార్ పికప్‌లో ఒక అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు సన్నని రాగి తీగ ఉంటాయి. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారి, రాగి చుట్టలో స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. యాంప్ పెంచేది ఆ విద్యుత్తునే. జార్జ్ బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్‌లు 1932లో అమ్మకానికి తెచ్చిన, పెనం ఆకారం వల్ల ‘ఫ్రయింగ్ పాన్’ అని పేరుపడ్డ గిటార్ నుంచి ఇప్పటిదాకా సూత్రం ఇదే. కాబట్టి నైలాన్, నరం, వెంట్రుక తీగల కదలికను ఈ పికప్ పట్టుకోలేదు. అకూస్టిక్ గిటార్ కంచు తీగల సెట్టును ఎలక్ట్రిక్ గిటార్‌కు వేస్తే, లోపలి ఉక్కు మాత్రమే పలుకుతుంది, పైచుట్టు దాదాపు మూగగా ఉంటుంది. ఒక తీగ గట్టిగా, మరొకటి బలహీనంగా వినిపిస్తుంది. సెట్టు కొనేటప్పుడు కవరు మీద ‘ఎలక్ట్రిక్’ అని ఉందో లేదో చూడడం తప్పనిసరి.

ఆరు తీగల్లో సన్నవి మూడు సాదా ఉక్కువి. లావువి మూడు, ఉక్కు నరం మీద మరో తీగ చుట్టినవి. చుట్టడానికి ఎక్కువగా నికెల్ పూత ఉక్కు వాడతారు. ఇది పదునైన, సమతూకమైన నాదం ఇస్తుంది. స్వచ్ఛమైన నికెల్ కాస్త మెత్తగా పలుకుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మరీ మెరుపుగా పలుకుతుంది, తుప్పుకు బాగా ఆగుతుంది, కానీ మెట్లను (ఫ్రెట్లను) కొంచెం త్వరగా అరగదీస్తుంది. సన్నని పూత వేసిన తీగలూ దొరుకుతాయి. ధర ఎక్కువైనా ఎక్కువ కాలం వస్తాయి. చేతికి చెమట ఎక్కువ పట్టేవాళ్లకూ, దుకాణం దూరమైనవాళ్లకూ ఆ అదనపు ధర గిట్టుబాటే.

తీగ మందాన్ని గేజ్ అంటారు, అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు. ‘తొమ్మిది సెట్టు’ అంటే సన్న తీగ 0.009 అంగుళాలు, లావు తీగ 0.042. ‘పది సెట్టు’ 0.010 నుంచి 0.046 దాకా, అంటే పావు మిల్లీమీటరు నుంచి సుమారు 1.17 మిల్లీమీటర్ల దాకా. ఒకప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ సెట్లలో తీగలు చాలా లావుగా ఉండేవి, మూడో తీగ కూడా చుట్టు తీగే. దాన్ని వేలితో లాగి స్వరం వంచడం కష్టమయ్యేది. కొందరు సన్నని బాంజో తీగలు తెచ్చి వేసుకునేవారు. 1960ల తొలినాళ్లలో అమెరికాలో ఎర్నీ బాల్ ‘స్లింకీ’ పేరుతో సన్న సెట్లు తెచ్చాక ఆ ఇబ్బంది తీరింది. రాక్ గిటార్‌లో ఈనాడు వినిపించే పొడవాటి లాగుళ్లు చాలావరకు అలాంటి తీగల మీద పుట్టినవే.

స్వరస్థాయికీ తీగకూ ఉన్న లెక్కను ఫ్రెంచి పండితుడు మారిన్ మెర్సెన్ 1636లోనే రాసిపెట్టాడు. బిగువు నాలుగింతలైతే స్వరం రెండింతలవుతుంది, పొడవు సగమైతే స్వరం రెండింతలవుతుంది, తీగ బరువెక్కేకొద్దీ స్వరం దిగుతుంది. గిటార్‌లో లావు ‘ఇ’ సెకనుకు సుమారు 82 కంపనాలు, సన్న ‘ఇ’ 330. ఫెండర్ గిటార్లలో నట్ (మెడ పైచివర తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జి (ఒంటి మీద తీగలు ఆనే భాగం) దాకా తీగ పొడవు 648 మిల్లీమీటర్లు, గిబ్సన్ లెస్ పాల్‌లో 628. అందుకే ఒకే సెట్టు గిబ్సన్ మీద కొంచెం వదులుగా, వేలికి మెత్తగా అనిపిస్తుంది. ఫెండర్ కొలతలో పది సెట్టు ఆరు తీగలూ కలిసి మెడను లాగే బలం సుమారు 47 కిలోలు. తొమ్మిది సెట్టుది 38 కిలోలు. గేజ్ మార్చినప్పుడు తేడా తొమ్మిది కిలోలు. సెట్టు మారిస్తే గిటార్ అంతా ఎందుకు కదులుతుందో ఈ అంకెలే చెబుతాయి.

ఎప్పుడు మార్చాలి

తీగ తెగిపోయేదాకా ఆగకూడదు. కొత్త తీగ మీద ఉండే గలగల పోయి నాదం మొద్దుబారడం మొదటి గుర్తు. చుట్టు తీగను కింద నుంచి గోటితో తడిమి చూడాలి. మెట్ల మీద ఆనేచోట పళ్లు పడినట్టు నొక్కులు తగులుతాయి. ఆ నొక్కుల దగ్గర తీగ బరువు ఒకేలా ఉండదు, కాబట్టి పన్నెండో మెట్టు దగ్గర శ్రుతి తప్పుతుంది. ట్యూనర్ సరిగ్గానే చూపినా పైమెట్ల దగ్గర తీగ అపశ్రుతి పలుకుతుంటే, చాలాసార్లు కారణం పాత తీగే. రోజూ వాయించేవాళ్లు నెలకోసారి, ఇంట్లో అప్పుడప్పుడు వాయించేవాళ్లు రెండు మూడు నెలలకోసారి మార్చడం వాడుక. వాయించడం అయ్యాక పొడి నూలు గుడ్డతో తీగల పైనా కిందా తుడిస్తే ఈ గడువు బాగా పెరుగుతుంది. ఖర్చులేని ఈ ఒక్క పనిని చేయనివాళ్లే ఎక్కువ.

ఆదిలాబాద్ జిల్లా వాతావరణం తీగలకు పరీక్ష పెడుతుంది. చలికాలం రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి, పగటికీ రాత్రికీ పదిహేను డిగ్రీలకు పైగా తేడా ఉంటుంది. మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. వానాకాలంలో గాలంతా తేమే. ఉక్కు వేడికి సాగుతుంది, సాగితే బిగువు తగ్గి శ్రుతి దిగుతుంది. ఎంత దిగుతుందన్నది తీగ ఎంత బిగుతుగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. మెడ కొలత మారదనుకుని లెక్కవేస్తే, పది డిగ్రీలు వేడెక్కినప్పుడు 0.010 సన్న ‘ఇ’ సుమారు 15 సెంట్లు దిగుతుంది. సెంటు అంటే అర్ధస్వరంలో వందో వంతు. అదే 0.017 ‘జి’ తీగ దాదాపు 40 సెంట్లు, అంటే అర్ధస్వరంలో మూడో వంతుకు మించి దిగుతుంది. సాదా తీగల్లో లావైన ‘జి’ తన కొలతకు తగినంత బిగువు లేకుండా ఉండడమే దీనికి కారణం. మెడ చెక్క కూడా కొంచెం సాగుతుంది కాబట్టి అసలు తేడా ఇంతకంటే కాస్త తక్కువే. అయినా ‘నా గిటార్‌లో జి తీగే నిలవదు’ అన్న ఫిర్యాదు ఎక్కడిదో ఇక్కడ కనిపిస్తుంది. చల్లటి గదిలో శ్రుతి చేసి, స్టేజీ లైట్ల కిందికి తెచ్చిన గిటార్‌ను పావుగంట ఆగి మళ్లీ శ్రుతి చేయడం ఒక్కటే దీనికి మందు.

మార్చే పద్ధతి

కావలసినవి కొత్త సెట్టు, కటింగ్ ప్లయర్, ట్యూనర్, మెత్తని గుడ్డ, వీలైతే కీ తిప్పే వైండర్. ఫోన్‌లోని ట్యూనర్ యాప్ కూడా సరిపోతుంది. ముందుగా యాంప్ ఆపి, గిటార్ కేబుల్ తీసేయాలి. గిటార్‌ను బల్ల మీద పరుపులాంటిది వేసి పడుకోబెట్టి, మెడ కింద చుట్టిన తువ్వాలు ఆనించాలి.

ఆరు తీగలూ ఒకేసారి తీయాలా, ఒక్కొక్కటీ మార్చాలా అన్న చర్చ పాతదే. మెడకు రెండు విధాలా ప్రమాదం లేదు. అన్నీ తీస్తే మెట్ల మధ్య పేరుకున్న మురికి తుడవడం సులువు. రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు ఎండిపోయి ఉంటే ఒకటి రెండు చుక్కల ఫ్రెట్‌బోర్డు నూనె రాయవచ్చు. వార్నిష్ ఉన్న మేపుల్ బోర్డుకు అది అక్కరలేదు. కానీ కొత్తవాళ్లు ఒక్కొక్కటిగా మార్చడమే మేలు, ముఖ్యంగా బ్రిడ్జి స్ప్రింగుల మీద తేలే గిటార్లలో. గిబ్సన్ తరహా బ్రిడ్జిలో ఇంకో చిక్కుంది. తీగలన్నీ తీయగానే టెయిల్‌పీస్, కొన్నిట్లో బ్రిడ్జి కూడా, ఊడి కిందపడి పాలిష్ మీద గీత పెడతాయి.

పాత తీగను కత్తిరించే ముందు కీ తిప్పి వదులు చేయాలి. బిగువు మీద ఉన్న తీగను కోస్తే కొన ఎగిరి కంటికి తగలవచ్చు. స్ట్రాటోకాస్టర్‌లో కొత్త తీగ వెనక పలక నుంచి, టెలికాస్టర్‌లో ఎక్కువగా ఒంటి వెనక నుంచి దూరుతుంది. గుండు కొన గట్టిగా కూర్చునేదాకా లాగాలి.

ఇక చుట్టడం. పని నాణ్యత ఇక్కడే తెలుస్తుంది. తీగను కీ స్తంభం దాకా బిగువుగా లాగి, సన్నవాటికి స్తంభం దాటి ఐదు సెంటీమీటర్లు, లావువాటికి నాలుగు సెంటీమీటర్లు అదనంగా వదలాలి. మామూలు స్తంభం చుట్టుకొలత రెండు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ కాబట్టి, ఆ అదనం సన్న తీగకు రెండున్నర చుట్లు, లావు తీగకు రెండు చుట్లు అవుతుంది. ఇంతకు మించితే చుట్ల మధ్య వదులు దాగి, లాగినప్పుడల్లా కొంచెం కొంచెంగా జారుతుంది. తక్కువైతే తీగ రంధ్రంలోనే జారుతుంది. ప్రతి చుట్టూ ముందుదానికి కిందుగా పడాలి, చుట్టు మీద చుట్టు ఎక్కకూడదు. తీగ కిందికి దిగేకొద్దీ నట్ మీద ఒత్తిడి పెరిగి, మోత శుభ్రంగా వస్తుంది. చుట్టు తీగను కత్తిరించేముందు స్తంభం దగ్గర లంబకోణంలో మడవాలి. మడవకుండా కోస్తే లోపలి నరం మీది చుట్టు విడిపోయి, ఆ తీగ మొదటి రోజే పనికిరాకుండా పోతుంది. పాత ఫెండర్ స్తంభాల నడుమ చీలిక, లోతున రంధ్రం ఉంటాయి. వాటిలో తీగను ముందే కోసి, కొన రంధ్రంలోకి దించి, చీలికలో మడిచి చుట్టాలి. లాకింగ్ కీలు ఉంటే చుట్లే అక్కరలేదు. లాగి, బిగించి, అర చుట్టు తిప్పితే చాలు.

నట్ గాడిలో పెన్సిలు మొనతో కాస్త గ్రాఫైట్ రుద్దితే తీగ పట్టుకోకుండా కదులుతుంది. శ్రుతి చేసేటప్పుడు ‘టిక్కు’మని చప్పుడొస్తే తీగ నట్ దగ్గర పట్టేస్తోందని అర్థం. శ్రుతికి ఎప్పుడూ కింది నుంచే రావాలి. స్వరం దాటితే దింపి మళ్లీ ఎక్కించాలి. తర్వాత పన్నెండో మెట్టు దగ్గర తీగను వేళ్లతో మెల్లగా పైకి లాగి, శ్రుతి చేసి, మళ్లీ లాగాలి. మూడు నాలుగు సార్లకు శ్రుతి దిగడం ఆగుతుంది. ఈ పని చేయకుండా కొత్త తీగలతో వేదికెక్కితే మొదటి పాటలోనే శ్రుతి పోతుంది.

ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి ఉన్న గిటార్లు వేరే జాతి. 1970ల చివర వచ్చిన ఈ ఏర్పాటులో తీగ రెండు చివరలా బిగుసుకుంటుంది. గుండు కొన కోసేసి, తీగను శాడిల్‌లో (బ్రిడ్జి మీద తీగ కూర్చునే ముక్కలో) అలెన్ కీతో బిగించి, శ్రుతి చేసి, చివరగా నట్ దగ్గరి తాళాలు వేయాలి. తాళం వేసేముందు బ్రిడ్జి మీది చిన్న కీలన్నీ మధ్యలో ఉంచుకోవాలి, లేకపోతే తర్వాత సరిచేయడానికి చోటుండదు. ఒక్క తీగ బిగిస్తే మిగతా ఐదూ దిగుతాయి, ఎందుకంటే వెనక స్ప్రింగులకూ ముందు తీగలకూ మధ్య బ్రిడ్జి తూగుతూ ఉంటుంది. కదలకుండా బ్రిడ్జి కింద మడిచిన గుడ్డ పెట్టుకుని చేస్తే సగం విసుగు తగ్గుతుంది. పల్లెలో మొదటి గిటార్ కొనేవాళ్లకు ఈ బ్రిడ్జి వద్దని చెప్పడమే న్యాయం.

తర్వాతి సర్దుబాట్లు

పాత గేజే వేస్తే పని దాదాపు అయిపోయినట్టే. గేజ్ మారితే మాత్రం మూడు చోట్ల చూడాలి. మొదటిది మెడ వంపు. తీగను మొదటి మెట్టు దగ్గరా చివరి మెట్టు దగ్గరా నొక్కిపట్టి, ఏడెనిమిది మెట్ల దగ్గర తీగ కింది సందు చూడాలి. పావు మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటే బాగున్నట్టు. ఎక్కువైతే మెడలోని కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను పావు చుట్టు బిగించి, కొంతసేపు ఆగి మళ్లీ చూడాలి. బలం పెట్టి తిప్పకూడదు. రెండోది ఎత్తు. పన్నెండో మెట్టు మీద తీగ సుమారు 1.6 నుంచి 2 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే వేలికి హాయి. మూడోది స్వరస్థానం. పన్నెండో మెట్టు మీద తీగను తాకి హార్మోనిక్ వినాలి, అదే మెట్టు నొక్కి మళ్లీ వినాలి. నొక్కిన స్వరం ఎక్కువుంటే శాడిల్‌ను వెనక్కి, తక్కువుంటే ముందుకు జరపాలి. ఇది పాత తీగల మీద ఎంత చేసినా కుదరదు, కొత్తవి వేశాకే చేయాలి.

తీగ, విద్యుత్తు, ప్రాణం

తీగలు మార్చేటప్పుడు గమనించాల్సిన ఇంకో సంగతి ఉంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగలు బ్రిడ్జి ద్వారా, కేబుల్ పైతొడుగు ద్వారా యాంప్ ఇనుప పెట్టెకు, అక్కడి నుంచి ఎర్త్‌కు కలిసి ఉంటాయి. వేలు తీగ మీద పెట్టగానే యాంప్ గుర్రు తగ్గేది అందుకే. కానీ ఆ దారి రెండు వైపులా పనిచేస్తుంది. యాంప్‌లో లీకేజీ ఉండి, ఎర్త్ లేకపోతే తీగల మీదకే కరెంటు వస్తుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్‌సీలో స్టోన్ ద క్రోస్ బృందపు గిటారిస్టు లెస్ హార్వీ వేదిక మీద ఎర్త్ లేని మైకును తాకి ప్రాణం పోగొట్టుకున్నాడు.

పెళ్లి పందిళ్లలో, జాతర వేదికల మీద జనరేటర్ నుంచి ఒక లైను, కరెంటు స్తంభం నుంచి ఇంకో లైను రావడం మన దగ్గర మామూలే. ఒక చేతిలో గిటార్, పెదవి దగ్గర వేరే లైను మీది మైకు ఉంటే, ఆ రెంటి మధ్య వోల్టేజీ తేడా ఉన్నప్పుడు కరెంటు మనిషి ఒంటి గుండానే పోతుంది. పెదవికి చిమచిమ అనిపిస్తే వాయించడం వెంటనే ఆపాలి, గిటార్ బాగుందో లేదో తర్వాత చూసుకోవచ్చు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసి గుర్రు తగ్గించే పద్ధతిని ఎవరు నేర్పినా మానేయాలి. గిటార్ యాంపూ మైకు మిక్సరూ ఒకే ఎర్త్ ఉన్న ఒకే పెట్టె నుంచి తీసుకోవాలి, ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటు ఆపేసే స్విచ్) ఉండేలా పందిరి కరెంటు చూసేవాళ్లను ముందే అడగాలి. తీగలు ఎక్కించాక కూడా, కేబుల్ పెట్టి యాంప్ వేశాక, తీగ మీద చేయి వేయకముందే ఒకసారి టెస్టర్ ఆనించి చూడాలి. బల్బు వెలిగితే వెంటనే మెయిన్ స్విచ్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ సరిచేయించాకే గిటార్ చేతికి తీసుకోవాలి. వెలగకపోయినా ఆ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఎర్త్, ఆర్‌సీసీబీ ఉన్నాయని తేలాకే వాయించాలి.